పెద్దక్క అను పోస్టు

పెద్దక్క ఎక్కడా పుట్టలేదనీ, ఆమెకు వయసు లేదనీ, సాలూరు ఆమె స్వగ్రామమన్న మాట నిరాధారమనీ తీరాంధ్ర శ్రవణ ప్రసార సంస్థవారు తవిటినాయుడికి రిజిస్టరు పోస్టులో తెలియజేశారు. పదిహేను రోజుల్లో తప్పు దిద్దుకోకపోతే చర్య ఉంటుందట.

తవిటినాయుడు ఆ కాగితాన్ని వాకిట్లో నిలబడి ఒకసారి, లోపలికి వెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చదివాడు. "తమరు నడుపుచున్న వెబ్‌సైటునందు పెద్దక్క అను వ్యక్తిని గూర్చి వ్రాసియున్నారు. పెద్దక్క వ్యక్తి కాదు. 1975వ సంవత్సరమున మంజూరైన పోస్టు. పోస్టునకు పుట్టుక, స్వగ్రామము, నవ్వు మొదలగునవి ఉండవు. ప్రస్తుతము సదరు పోస్టునందు సహాయ ఇంజనీరు శ్రీ వరహాలరావు పూర్తి అదనపు బాధ్యతలతో కొనసాగుచున్నారు. తమ వెబ్‌సైటు మొదటి పేజీలో వారి ఫొటో ఉంచవలెను. అభిమానము పోస్టునకే గాని వ్యక్తికి చెందదని గ్రహించవలెను."

తవిటినాయుడిది బొబ్బిలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇరవై రెండేళ్లుగా ఆ వెబ్‌సైటు ఆయన ఒక్కడిదే. రేడియోలో గురువారం సాయంత్రాలు పావుగంట పాటు పల్లెల ఆడవాళ్ల ఉత్తరాలు చదివి, జవాబు చెప్పి, నవ్విన పెద్దక్క కార్యక్రమాలు నూట నలభై ఆరు క్యాసెట్ల నుంచి తీసి అందులో పెట్టాడు. మొదటి పేజీలో ఆయనే గీసిన ట్రాన్సిస్టర్ బొమ్మ, పసుపు అక్షరాలు. అది చూసి కళ్లు నొప్పెడతాయని చెప్పినవాళ్లున్నారు. ఆయన మార్చలేదు. తెలుగు అక్షరాలు పాతబడి కంప్యూటర్లలో గీతలుగా కనిపించడం మొదలైనప్పుడు మాత్రం మొత్తం సైటును రెండేళ్లు కూర్చుని మళ్లీ టైపు చేశాడు. సందర్శకుల పుస్తకంలో సూరత్ మిల్లుల నుంచీ, రాయగడ నుంచీ, మస్కట్‌లో ఆయా పని చేసే ఒకావిడ నుంచీ మాటలున్నాయి. "ఈయాల పెద్దక్క నవ్వు ఇన్నాను. అన్నం తిన్నాను" అని ఆవిడ రాసింది. అంతకు మించి ఎవరూ ఏమీ రాయలేదు, రాయాల్సిందీ లేదు.

ఆ క్యాసెట్లు తవిటినాయుడివి కావు. ఆయన భార్య పారమ్మవి. ఐదో తరగతి చదువుకున్న దస్తూరీతో ఒక్కో దాని మీదా తేదీ వేసి ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఆమె బతికున్నన్నాళ్లూ తవిటినాయుడు దాన్ని ఆడవాళ్ల సోది అన్నాడు. ఆయన గుమ్మంలోకి రాగానే ఆమె రేడియో గొంతు తగ్గించేది. ఆమె పోయిన ఏడాదికి, టేపులు చెరిపి ఎవరికైనా ఇచ్చేద్దామని పెట్టె తీశాడు. ఏది ఎలా ఉందో చూడడానికి ఒక్కొక్కటీ వేశాడు. నలభై ఒకటోది వేసి ఆగిపోయాడు.

అందులో ఉత్తరం "ఒక చెల్లెలు, బొబ్బిలి" అని ముగిసింది. కూరలో ఉప్పెక్కువైందని మా ఆయన కంచం తోసేసి లేచిపోయాడు, నాలుగు రోజులుగా మాట లేదు, నేనేం చెయ్యాలి పెద్దక్కా అని అందులో ఉంది. పెద్దక్క ముందు నవ్వింది. ఆ నవ్వు అయ్యాక, "ఏటీ సెయ్యకు సెల్లీ. రేపట్నుంచి కూరలో ఉప్పెయ్యకు. డబ్బా తీసి ఆడి కంచం పక్కనెట్టు. ఆడి నోరు, ఆడి సెయ్యి" అంది. మూడు జిల్లాలు విన్నాయి. వినని మనిషి ఒక్కడే. పద్నాలుగేళ్లు ఆ డబ్బా తన కంచం పక్కన ఎందుకుందో తవిటినాయుడు అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు లేదు.

వెబ్‌సైటు అలా పుట్టింది. ఉత్తరం ఎవరిదో అందులో రాయలేదు. మూడు జిల్లాలు విన్నదాన్ని ఇంకెవరైనా కూడా వినాలనుకుంటే వినడానికి ఉండాలి, అంతే అనుకున్నాడు. నలభై ఒకటోది పోతే మిగతా నూట నలభై ఐదూ ఉండి ఆయనకు ఒరిగేది లేదు.

మర్నాడే జిల్లా కేంద్రంలోని సంస్థ ఆఫీసుకు వెళ్లాడు. ఉపసంచాలకులు విశ్వేశ్వరం ఆయన్ని కూర్చోమన్నాడు. విశ్వేశ్వరం మంచివాడు. ఫైల్లో లేని దేనికీ హాని తలపెట్టడు.

వెబ్‌సైటులో పెద్దక్క 1999లో కార్యక్రమం మానేసిందని రాసి ఉండడం విశ్వేశ్వరానికి ముఖ్యంగా అభ్యంతరం. పోస్టు మానెయ్యదని ఆయన ఓపికగా వివరించాడు. పోస్టు ఖాళీ అవుతుంది, భర్తీ అవుతుంది, లేదా రద్దవుతుంది. దాని జీవితంలో ఆ మూడే ఘట్టాలు.

"మరి ఆ నవ్విందెవరండి?" అన్నాడు తవిటినాయుడు.

"అప్పట్లో ఆ పోస్టు నవ్వింది."

"దమయంతమ్మని ఒకావిడండి. సాలూరు. ఇరవై నాలుగేళ్లు ఇక్కడికొచ్చి సదివింది. ఇప్పటికీ ఉంది."

విశ్వేశ్వరం రికార్డు తెప్పించాడు. రికార్డు రావడానికి గంట పట్టింది, లేదని చెప్పడానికి క్షణం పట్టింది. దమయంతి రోజువారీ పిలుపు మీద వచ్చే మనిషి కాబట్టి ఆమె సంతకాలు వేరే పుస్తకంలో ఉండేవి. పదేళ్లు దాటిన అటువంటి పుస్తకాలను తగలబెట్టాలని నియమం ఉంది, నియమం ప్రకారం తగలబెట్టారు. ఆమె గొంతు ఉన్న టేపుల మీద, అప్పట్లో టేపుల కొరత వల్ల, చెరకు తెగుళ్ల గురించి ప్రసంగాలు రికార్డు చేశారు. ఆ ప్రసంగాలూ ఇప్పుడు లేవు.

"అంటే తమ దగ్గర ఏటీ లేదు" అన్నాడు తవిటినాయుడు.

"సంస్థ దగ్గర లేనిది జరిగినట్టు సంస్థ ఎలా ఒప్పుకుంటుందండీ?" అన్నాడు విశ్వేశ్వరం. మాట మెత్తగానే ఉంది.

ఇంతలో పెద్దక్క టీ తాగి వచ్చింది. పెద్దక్కకు యాభై రెండేళ్లు, గుబురు మీసం, ఏడాది పొడవునా జలుబు. విశ్వేశ్వరం, "పెద్దక్కగారూ, వీరు మీ అభిమాని" అని పరిచయం చేశాడు. సహాయ ఇంజనీరు వరహాలరావు నేల చూపులు చూస్తూ నమస్కారం పెట్టాడు. 1999 తర్వాత ఆ పోస్టులో అదనపు బాధ్యతలు మోసినవాళ్లలో ఆయన తొమ్మిదోవాడు. ఉత్తరాలు రావడం ఎప్పుడో మానేశాయి గనక గురువారం పావుగంటా ప్రభుత్వ ప్రకటనలు చదువుతాడు. తవిటినాయుణ్ని మెట్ల దాకా సాగనంపుతూ, తన అసలు పని ట్రాన్స్‌మిటర్ చూసుకోవడమనీ, ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదనీ, ఫొటో పెట్టాల్సే వస్తే కాస్త చిన్నది పెట్టమనీ వేడుకున్నాడు.

తవిటినాయుడు ఫొటో పెట్టలేదు. పదహారో రోజున రెండో కాగితం వచ్చింది.

ఒకే పోస్టుకు రెండు గొంతులుండడం పరిపాలనా దృష్ట్యా తగదని కమిటీ తేల్చింది. కమిటీ పేరు స్వర ఏకీకరణ సంఘం. పెద్దక్క స్వర్ణోత్సవ సందర్భంగా పాత కార్యక్రమాలన్నిటినీ ప్రస్తుత పెద్దక్క గొంతుతో మళ్లీ రికార్డు చేసి ఆ వెబ్‌సైటులోనే పెడతారు. తవిటినాయుడు తన దగ్గరున్న క్యాసెట్లూ నకళ్లూ సమస్తం అప్పగించి, ఇంకేమీ దాచుకోలేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. లేకపోతే సైటును ఉంచిన కంపెనీకి సంస్థ ఒక ఉత్తరం రాస్తుంది. ఆ కంపెనీ ఇలాంటి ఉత్తరం వస్తే పెద్ద పెద్ద పాటల సైట్లనే మర్నాటికి మూసేసిన కంపెనీ.

చాటుగా ఒక నకలు అట్టే పెట్టుకోమని తెలిసినవాళ్లు అన్నారు. తవిటినాయుడికి ఆ సలహా నచ్చలేదు. తలుపులేసుకుని వినడానికి అది దొంగసొత్తు కాదన్నాడు.

నమూనాగా ఒక కార్యక్రమం తయారైందనీ, వచ్చి విని సంతృప్తి వ్యక్తం చేయాలనీ మళ్లీ పిలిచారు. వినిపించింది నలభై ఒకటోదే. ఆ వెబ్‌సైటులో ఎక్కువమంది విన్నది అదేనట. వరహాలరావు ముక్కు ఎగబీల్చి ఉత్తరం చదివాడు. కూర, ఉప్పు, కంచం, నాలుగు రోజులు, అన్నీ ఉన్నాయి. తర్వాత పెద్దక్క నవ్వాలి. టైపు చేసినవాళ్లు నవ్వును అక్షరాల్లో ఎలా పెట్టాలో తెలియక బ్రాకెట్లో నవ్వు అని కొట్టారు. వరహాలరావు కాగితంలో ఉన్నది ఉన్నట్టు, "బ్రాకెట్లో నవ్వు" అని చదివాడు. జవాబును న్యాయ విభాగం సవరించింది. ఉప్పు డబ్బా సలహా కుటుంబ వ్యవహారాల్లో జోక్యం కిందికి వస్తుంది. అందుకని వరహాలరావు, "చెల్లెలా, మీ ఫిర్యాదు అందినది. ఉప్పు ఈ విభాగం పరిధిలోనిది కానందున సంబంధిత శాఖకు పంపడమైనది" అని ముగించాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. విశ్వేశ్వరం ఉచ్చారణ బాగుందన్నాడు. తవిటినాయుడు లేచి, అభిప్రాయం రాయాల్సిన కాగితాన్ని ఖాళీగానే బల్ల మీద పెట్టి, బస్టాండుకు నడిచి, సాలూరు బస్సెక్కాడు.

దమయంతి వీధరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. డెబ్బై ఆరేళ్లు, చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. ఏడాదికోసారి తేదీలు సరిచూసుకోవడానికి వచ్చే నాయుడుబాబు వేళకాని వేళ వచ్చాడేమిటని అడిగింది. ఆయన జరిగిందంతా చెప్పాడు. తాను పోస్టునని విన్నప్పుడు ఆమె కుట్టడం ఆపలేదు. బ్రాకెట్లో నవ్వు దగ్గర ఆపింది. ఆపి చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు వింటూ తవిటినాయుడు తల వంచుకుని కూర్చున్నాడు.

తన ఉద్యోగం పోయిన పద్ధతి ఆమె ఆ రోజే వివరంగా చెప్పింది. "నన్ను మానీమని ఎవులూ కాయితం ఇవ్వనేదు బాబూ. గురువారం ఎల్తే గేటుకాడ మనిషి, ఈ వారం నువ్వక్కర్నేదు అన్నాడు. పై వారమూ అదే మాట. మూడోవారం బస్సు సార్జీ దండగని నానే ఎల్లలేదు." అంతే. ఇరవై నాలుగేళ్లకు అదీ వీడ్కోలు.

స్వర్ణోత్సవానికి రమ్మని తవిటినాయుడు అడిగాడు. ఆహ్వానం ఉందా అంది. లేదన్నాడు. అయితే వస్తానంది.

పెద్దక్క పోస్టు స్వర్ణోత్సవం సంస్థ ఆవరణలో ఘనంగా జరిగింది. 1975 నాటి మంజూరు ఉత్తర్వులో, ప్రతి పదేళ్లకూ పెద్దక్కకు చీర, పసుపు కుంకుమ, గాజులు ఇచ్చి గౌరవించాలని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ సవరించలేదు. సవరించని వాక్యాన్ని అమలు చేయకపోతే తనిఖీవాళ్లు ఊరుకోరు. కనక వరహాలరావును వేదిక మీద పీట వేసి కూర్చోబెట్టారు. సిబ్బందిలో ఇద్దరు ఆడవాళ్లు ఆయన నుదుట బొట్టు పెట్టి, మోకాళ్ల మీద చీర పెట్టారు. గాజులు పిడికిలి దగ్గర ఆగిపోయాయి. సబ్బునీళ్లు తెప్పించారు. విశ్వేశ్వరం మైకు ముందు నిలబడి, వ్యక్తులు వస్తారు, పోతారు, పోస్టు మాత్రం నిత్యయౌవనవతి అని ప్రసంగిస్తున్నాడు.

"ఆ నాయన సెయ్యి ఒగ్గీండమ్మా" అని సభలోంచి ఒక గొంతు వచ్చింది. "ఎముకలిరిగిపోతాయి. ఆ గాజులు నాకైతే సరిపోతాయి."

మైకు లేదు. అక్కర్లేకపోయింది. వెనక వరసల్లో, ఉచిత భోజనం ఉందని తీసుకొచ్చి కూర్చోబెట్టిన ముసలమ్మలు ఒక్కసారి తల తిప్పారు. పాతికేళ్ల తర్వాత వింటున్నామన్న ఆలోచన వాళ్లకు రాలేదు. పెద్దక్కే గదా అన్నారు. ఒకావిడ లేచి వచ్చి దమయంతి చెయ్యి పట్టుకుని, తన కోడలి సంగతి మొదలుపెట్టింది.

విశ్వేశ్వరం ప్రసంగం ఆపాడు. మనిషి కంగారు పడలేదు. ఎదుట ఉన్నది పెద్దక్క గొంతే కావచ్చు, కానీ ఎదుట ఉన్నదాన్ని బట్టి నిర్ణయాలు తీసుకునే సంస్థ కాదది. సభ అయ్యాక దమయంతినీ తవిటినాయుణ్నీ తన గదిలోకి పిలిపించి, తలుపు వేసి, సమస్యను విడమరిచి చెప్పాడు.

"అమ్మా, మీరు పెద్దక్క కాదంటే, ఈ వెబ్‌సైటు ప్రజల్ని తప్పుదోవ పట్టించింది, దాన్ని మూయించాలి. పెద్దక్కనే అంటే, సెలవు పెట్టకుండా, ఎవరికీ బాధ్యతలు అప్పగించకుండా ఇరవై ఆరేళ్లుగా విధులకు గైర్హాజరయ్యారు. మీ మీద శాఖాపరమైన విచారణ తప్పదు. రెండిటిలో మీరు ఏది?"

ఆ మాటకు తవిటినాయుడి ముఖం మొదటిసారి తేటపడింది. ఆయన ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ శాఖలో పనిచేసినవాడు. అక్కడ ఒక నిచ్చెన పోయింది. నిచ్చెన ఎవరు తీశారన్న విచారణ పదకొండేళ్లు జరిగింది. ఆ పదకొండేళ్లూ దాని పక్క నిచ్చెనకు సాక్ష్యమని లక్కముద్ర వేసి పెట్టారు. స్తంభాలెక్కడానికి ఏదీ లేక జనం ఫోన్లు మూగబోయినా, ఆ నిచ్చెనను ఎవరూ అంగుళం కదపలేదు. విచారణ ముగిసేదాకా సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు. విచారణలు ముగియవు.

ఆయన దమయంతి వైపు వంగి, గైర్హాజరని ఒప్పేసుకోమన్నాడు.

దమయంతి ఆయన ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. ఇరవై నాలుగేళ్లు ఉత్తరాలు చదివిన మనిషికి, అడిగినవాడికి ఏం కావాలో తెలుస్తుంది. విశ్వేశ్వరం వైపు తిరిగింది.

"ఔను బాబూ, పెద్దక్కని నానే. సెప్పకుండా ఎల్లిపోనాను. కేసెట్టండి."

విశ్వేశ్వరం ఉద్యోగ జీవితంలో ఇంత నిండుగా తప్పు ఒప్పుకున్నవాళ్లు లేరు. వారంలో అభియోగపత్రం తయారైంది. తయారుచేస్తుండగా ఒక చిక్కు కనబడింది. మనిషి గైర్హాజరైందనడానికి ముందు హాజరైందని రుజువు కావాలి. పుస్తకాలు కాలిపోయాయి, టేపులు చెరిగిపోయాయి. ఆమె అక్కడ పనిచేసిందనడానికి భూమ్మీద ఉన్న రుజువు తవిటినాయుడి వెబ్‌సైటు ఒక్కటే. దాంతో నూట నలభై ఆరు కార్యక్రమాలనూ ఒకటి నుంచి నూట నలభై ఆరు దాకా సాక్ష్యాలుగా గుర్తించారు. విచారణ పూర్తయ్యేవరకు సదరు వెబ్‌సైటును మూయరాదు, మార్చరాదు, అందులో ఏ గొంతునూ తొలగించరాదు, పసుపు అక్షరాలతో సహా యథాతథంగా నడపవలెను అని తవిటినాయుడికి ఉత్తర్వు వచ్చింది. అతిక్రమిస్తే చర్య ఉంటుందట. స్వర ఏకీకరణ సంఘాన్ని నిలిపేశారు. పెద్దక్క అసలు బాధ్యతలు అప్పగించనే లేదు గనక తొమ్మిదిమంది అదనపు బాధ్యతలూ చెల్లవని తేలి, వరహాలరావు ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్లిపోయాడు. చీర వెనక్కి ఇమ్మన్నారు. అప్పటికే వాళ్లావిడ కట్టేసింది.

విచారణ ఆరునెలలకోసారి కూర్చుంటుంది. విచారణాధికారి ఎక్కడో రిటైరైన పెద్దమనిషి, చెవి కొంచెం మందం. దమయంతి నిందితురాలి కుర్చీలో, తవిటినాయుడు మొదటి సాక్షి కుర్చీలో, సంస్థ తరఫున విశ్వేశ్వరం. మొదటి రెండు సమావేశాల్లోనూ రేడియో అనగానేమి అన్నది నిర్ధారించారు. మూడోసారి సాక్ష్యాల్లోకి దిగారు. క్యాసెట్టుకు అంటించిన చీటీ మీద తేదీ చెరగకుండా ఉన్నవి ముందు తీసుకోవాలన్నారు. అలా నలభై ఒకటి వచ్చింది.

చీటీ మీద అక్షరాలు ఎవరివని విచారణాధికారి అడిగాడు. తన భార్యవని తవిటినాయుడు చెప్పాడు. గుమాస్తా టైపు చేశాడు. ఆమెను హాజరుపరచగలరా అని అడిగాడు. ఇరవై నాలుగేళ్ల కిందట పోయిందని చెప్పాడు. అదీ టైపు చేశాడు. తర్వాత వినిపించారు. విచారణాధికారికి సరిగ్గా వినబడక మళ్లీ వినిపించమన్నాడు. ఉత్తరం, నవ్వు, జవాబు, అన్నీ రెండుసార్లు ఆ గదిలో వినబడ్డాయి.

"ఈ గొంతు నిందితురాలిదేనా?"

"ఆవిడదేనండి."

"ఉత్తరం రాసిన చెల్లెలు ఎవరో సాక్షికి తెలుసునా?"

"నా భార్య. పారమ్మ."

దమయంతి తల తిప్పి ఆయన్ని చూసింది. ఇన్నేళ్లుగా ఏటా తేదీలు సరిచూసుకోవడానికి వచ్చిన మనిషి ఒక్కసారి కూడా ఆ మాట చెప్పలేదు.

"అందులో 'మా ఆయన' అనగా?" విచారణాధికారికి కాగితం నింపడమే ఉద్దేశం.

"నేనేనండి. కంచం తోసింది నేనే. ఉప్పెక్కువేటీ కాలేదు ఆరోజు. ఆఫీసులో ఎవలో ఏదో అన్నారు, ఆ కోపం ఇంటికి మోసుకొచ్చాను. కూర బాగానే ఉంది."

గుమాస్తా చివరి మాట దాకా టైపు చేసి ఆగాడు. విశ్వేశ్వరం లేచి, కూర బాగుందా లేదా అన్నది ఈ విచారణ పరిధిలోకి రాదనీ, ఆ నాలుగు వాక్యాలూ వాంగ్మూలం నుంచి కొట్టివేయాలనీ కోరాడు. విచారణాధికారి అంగీకరించి, ఎర్ర పెన్ను తీసుకున్నాడు. నిబంధన ప్రకారం కొట్టివేత పక్కన సాక్షి పొడి అక్షరాలు వేయాలి. కాగితం తవిటినాయుడి ముందుకు జరిపి, వేలు పెట్టి చోటు చూపించారు.

"కొట్టీకండి బాబూ" అన్నాడు తవిటినాయుడు.

అది కేసుకు అవసరం లేదని విశ్వేశ్వరం నచ్చజెప్పాడు. సాక్షి ప్రతిష్ఠకు కూడా మంచిది కాదన్నాడు. విచారణాధికారి పెన్ను అందించాడు. తవిటినాయుడు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పావుగంట చూశారు. సంతకం లేని కొట్టివేత చెల్లదు గనక, ఎర్ర పెన్ను మూత పెట్టేశారు. సాక్షి సహకరించనందున వాంగ్మూలం ఉన్నది ఉన్నట్టుగా దాఖలు చేయడమైనదని రాసుకుని, మూడు నకళ్లు తీయించి, విచారణను ఆరు నెలలకు వాయిదా వేశారు.